గీతకీ కోతకీ మధ్య

పోయిన వారం కథ ఆపేసరికి కలప మిల్లు గుమాస్తా గదిలో ఇంటివాళ్లందరినీ నిలబెట్టి వచ్చాం. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు. పెద్దకోడలు కుర్చీలోంచి లేచింది. మరిది మొహం చూడకుండా, వెనక గోడకి చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడే ఈ ప్రమాదం తనిఖీకొచ్చిన ఆఫీసరు బసకి వెళ్తున్నా. చూసుకోకుండా రంపం వేసి మీ అన్నయ్య చెయ్యి తీసింది నువ్వేనని చెప్పేస్తా. కేసు పెడతారో, జైల్లో పెడతారో వాళ్లిష్టం. ఇవాళ్టి నుంచి నువ్వు ఈ గేటు తొక్కడానికి వీల్లేదు."

మరిది తల దించుకుని, "సరే వదినా" అన్నాడు.

అప్పుడు ముసలాయన, ఆ ఇంటి మామగారు, ముందుకి వచ్చాడు. మిల్లులో అందరూ ఆయన్ని గీతలాయన అంటారు. దుంగల మీద కోతకి గీతలు వేసేది ఆయనే. జేబులోంచి సుద్దముక్క తీసి, కోడలి ముందున్న బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గీత గీశాడు.

"గీత పడింది. ఈ పూట కోత లేదు" అని బయటికి నడిచాడు.

ఇది ఆ మిల్లు రివాజు. పొద్దున గీత వేసిన దుంగ మధ్యాహ్నానికి గానీ రంపం మీదికి ఎక్కదు. మధ్యాహ్నం వేస్తే మర్నాటికి గానీ ఎక్కదు. ఆ మధ్యలో దుంగ ఆరుబయట పడి ఉంటుంది. మిల్లులో పనిచేసే ఎవరైనా సరే వచ్చి, దాని మీద చెయ్యి వేసి, తోచింది చెప్పొచ్చు. కోసేవాడు వినాలి. ఒప్పుకోవాలని లేదు, వినాలి. ముసలాయన తండ్రి రోజుల్లో ఎవరో తొందరపడి ఒక దుంగని గీసిన చేత్తోనే కోసేశారు. చెట్టు చిన్నప్పుడు మింగిన ఇనపకొక్కెం లోపల ఉంది. రంపం పళ్లు రాలి ఒకటి కోసేవాడి కంట్లో దిగింది. అప్పట్నుంచీ ఈ కట్టుబాటు. మొదటి చూపుకి దుంగలో పలకలే కనిపిస్తాయనీ, రెండో చూపుకి గానీ దుంగ కనిపించదనీ ముసలాయన అంటూ ఉంటాడు.

కాకపోతే ఇన్నేళ్లలో ఆయన మనుషుల విషయంలో సుద్ద తియ్యలేదు. ఇదే మొదలు.

అందరూ వెళ్లిపోయాక పెద్దకోడలు ఆ గీత వంక చూసింది. అరచేత్తో ఒక్క తుడుపు తుడిస్తే పోతుంది. చెయ్యి లేచింది కూడా. ఎందుకో మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

ఆవిడకి ఆగడం చేతకాదు. అనుకున్నదే తడవుగా పని అయిపోవాలి. ఆవిడ మాటకీ చేతికీ మధ్య సూది దూరే సందు ఉండదని కలప కొనేవాళ్లు మెచ్చుకుంటూ చెప్పుకుంటారు. ఆ గుణంతోనే మిల్లు నిలబడింది. వానాకాలంలో మొగుడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయాక, ఆసుపత్రి, కోతలు, కూలీలు అన్నీ ఒంటిచేత్తో ఈదుకొచ్చింది. కోపం కూడా ఆ ఈతకి కొంత సాయపడింది. మరిదిని తలుచుకుంటే చాలు, అలసట పారిపోయేది.

మొదట వచ్చింది పొట్టు పెద్దమ్మ. రంపం పొట్టు ఊడ్చే మనిషి. చీపురు గుమ్మం దగ్గర పెట్టి, చెయ్యి ఒంటికి తుడుచుకుని, బల్ల మీద గీత పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"చెయ్యేశాను. వినాలిగా మరి?"

"చెప్పు."

"చిన్నబాబు గురించి నాకేం తెలీదమ్మా. పొట్టు బస్తాలు పెట్టే కొట్టం కప్పు కారిపోతోంది. రెండు వానల్నించీ చెప్తున్నా. మామూలుగా చెప్తే నువ్వు వినవు. ఇవాళైతే వినక తప్పదని వచ్చా."

పెద్దకోడలికి నవ్వు రాలేదు. "ఇది దానిక్కాదు పెద్దమ్మా."

"చెయ్యి చెయ్యే. దేనికి వేశానన్నది నా ఇష్టం" అని పెద్దమ్మ చీపురు అందుకుంది. గుమ్మం దాటుతూ ఆగింది. "చిన్నబాబు పోతే మాత్రం ఇక్కడ నవ్వే మొహం ఒక్కటీ మిగలదు. అందరూ పళ్లు అరిగిన రంపాల్లా ఉన్నారు. కప్పు సంగతి మర్చిపోకు."

రెండో చెయ్యి తోడికోడలిది. కడుపుతో ఉంది. నడుం మీద చెయ్యి వేసుకుని నిదానంగా వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీ ఆయన కోసం ఏడవడానికి వచ్చావా?" అంది పెద్దకోడలు.

"ఏడ్చేదాన్నయితే ఇంట్లోనే ఏడ్చేదాన్ని అక్కా. పోట్లాడ్డానికి వచ్చా."

"పోట్లాడు. దానికీ ఒక పూట ఇచ్చారుగా మామయ్య."

"ఉమ్మడి మిల్లు అంటావ్. ఉమ్మడిదైతే ఒకరు పొమ్మంటే ఇంకొకరు పోవడమేంటి?"

"ఉమ్మడిదే. చెయ్యి మాత్రం మా ఆయన ఒక్కడిదే పోయింది."

ఆ మాటకి తోడికోడలు గతుక్కుమంది. తర్వాత అరచెయ్యి తీసి సరిగ్గా గీత మీద పెట్టింది. సుద్ద వేళ్లకి అంటింది.

"ఆ వేళ ఆయన రంపం దగ్గర లేడు అక్కా."

"ఏంటి?"

"వెనక కుళాయి దగ్గర అన్నం తింటున్నాడు. క్యారియర్ తెచ్చింది నేనే. విప్పి పెట్టింది నేనే. ఇంకా సగం కూడా తినలేదు. రంపం తిరిగిన చప్పుడు, బావగారి కేక, రెండూ అక్కడ కూర్చునే విన్నాం. ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తాడు."

"రంపం నడిపే పిడి మీద చెయ్యి వేసి ఉన్నది అతనేగా? అందరం చూశాం."

"దించి ఆపడానికి వేశాడు. ఎత్తడానికి కాదు."

"మరి నేనే వేశానని ఒప్పుకున్నాడు కదే! నేను అడిగితే నా మొహాన్నే చెప్పాడు!"

"చెప్పాడు."

"నువ్వు ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ఒట్టు పెట్టుకున్నా. కడుపులో బిడ్డ మీద వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ బిడ్డకి నాన్నే లేకుండా పోతున్నాడు. ఇంక ఒట్టుని ఉప్పేసి ఊరబెట్టుకోనా?" తోడికోడలు రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. "ఎవరు వేశారో నేను చూళ్లేదు. అడిగితే, ఇంకోసారి అడగకు అన్నాడు. పెద్దవాళ్లనెవరినో కాపాడుతున్నాడని మాత్రం తెలుసు. అంతే. నా చెయ్యి తీసేస్తున్నా."

ఆమె వెళ్లాక పెద్దకోడలు గీత మీద మిగిలిన వేలిముద్రలు చూసింది. ఇన్నాళ్లూ లెక్కలోకి రాని ఒక సంగతి నెమ్మదిగా పైకి తేలింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక రంపం పక్కనున్న ఇనప పిడిని కడిగింది తనే. ఎవరికీ చేతులు రాలేదు. నెత్తుటి మరకల మధ్య తెల్లగా రెండు మూడు పలుకులు అంటుకుని ఉన్నాయి. చెక్కపేళ్లనుకుంది. నీళ్లు పోస్తే మెత్తగా జారాయి. పేళ్లు మెత్తగా జారవు.

అవి మెతుకులు.

పెద్దవాళ్లని కాపాడుతున్నాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు? కిటికీలోంచి చూసింది. ముసలాయన ఆవరణలో దుంగ మీద కూర్చుని గీతలు కొట్టే సుద్దతాడు చిక్కు తీస్తున్నాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని తీస్తున్నాడు. ఈమధ్య ఆయన గీతలు కాస్త వంకరపోతున్నాయని కోసేవాళ్లు గొణగడం ఆవిడ చెవిన పడింది.

లేచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, రంపం వేసింది మీరేనా?"

ముసలాయన తల ఎత్తలేదు. "గీత వేసినవాడు దుంగ మీద మాట్లాడకూడదమ్మా. అది కూడా రివాజే."

"రివాజు పక్కన పెట్టండి. మీరు కాదని ఒక్క మాట అనండి, వెళ్లిపోతా."

"పక్కన పెట్టడానికి అది తట్టా బుట్టా?" తాడులో ఒక ముడి ఊడింది. "రంపం దగ్గరికి వెళ్లావా, ఆ తర్వాత?"

"ఆ తర్వాత రోజూ మిల్లుకి వస్తూనే ఉన్నాగా."

"మిల్లుకి వస్తున్నావ్. రంపం దగ్గరికి వెళ్లావా అని."

వెళ్లలేదు. పిడి కడిగిన రోజు తప్ప, అటు వెళ్లే పని పడితే ఇంకెవర్నో పంపేది.

రేకుల షెడ్డులో ఇవాళ కోత లేదు. పట్టీ రంపం పొడవుగా, వెలుతురుని కోస్తున్నట్టు నిలబడి ఉంది. పక్కన స్తంభానికి ఇనప పిడి. పైకి ఎత్తితే రంపం తిరుగుతుంది, దించితే ఆగుతుంది. కరెంటు పోతే దానంతటదే కిందికి పడిపోవాలి. అలా పడితేనే కరెంటు వచ్చినా రంపం ఊరికే ఉంటుంది. అందుకే ఆ పిడి.

వంగి చూసింది. పిడి కింద స్తంభం రంగు ఒక చోట లేచిపోయి ఉంది. బొటనవేలంత వెడల్పు. ఏదో అక్కడ చాన్నాళ్లు ఇరికించి ఉంటే తప్ప అలా అరగదు.

"అక్కడ చెక్క చీలిక ఉండేది. నేనే పెట్టా."

గొంతు విని వెనక్కి తిరిగింది. మొగుడు. ఇల్లు కదలని మనిషి షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కుడిచేతి చొక్కా మడిచి పిన్నీసు పెట్టి ఉంది. అంత దూరం నడిచినందుకు నుదురంతా చెమట.

"మీరెందుకు వచ్చారు? ఎవరు తీసుకొచ్చారు?"

"కాళ్లున్నాయిగా." రంపం బల్ల దాకా వచ్చాడు. ఎడమచెయ్యి ఎత్తి ఆ చెక్క మీద పెట్టాడు. "గదిలోని బల్ల దాకా నడవలేను. ఇక్కడే వేస్తున్నా చెయ్యి. వింటావా?"

ఆవిడ తల ఊపింది.

"పిడి పాతబడిపోయింది. కరెంటున్నా ఊరికే పడిపోతోంది. కోత మధ్యలో ఆగి ప్రాణం తీస్తోంది. కొత్తది తెద్దాం తెద్దాం అనుకుంటూనే కింద ఒక చెక్క చీలిక కొట్టా, పడకుండా. కలప మిల్లులో చీలికకి కరువా?" నవ్వబోయి మానేశాడు. "ఆ వేళ కరెంటు పోయింది. రంపానికీ చక్రానికీ మధ్య పేడు ఇరుక్కుంది. చీలిక తీసి పిడి దించి, అప్పుడు చెయ్యి పెట్టాలి. కరెంటు ఇప్పట్లో రాదులే అనుకున్నా. పెట్టేశా."

"పిడి ఎత్తే ఉందా?"

"ఎత్తే ఉంది."

"అయితే ఎవరూ ఎత్తలేదా?"

"ఎవరూ ఎత్తలేదు."

"మరి రంపం ఎలా..."

అక్కడ ఆగిపోయింది. భర్త రంపం వైపు చూస్తున్నాడు. తన వైపు చూడటం లేదు. అలా చూడకుండా ఉండటానికి మనిషి ఎంత కష్టపడుతున్నాడో మెడ నరం చెబుతోంది.

పిడి ఎత్తే ఉంటే, రంపం తిరగడానికి కరెంటు చాలు. కరెంటు పోయినప్పుడు జనరేటరు వేస్తారు. జనరేటరు కరెంటు షెడ్డుకి రావాలంటే పెద్ద స్విచ్చు అటు నుంచి ఇటు మార్చాలి. ఆ పెద్ద స్విచ్చు ఉన్నది గుమాస్తా గదిలో. తన కుర్చీ వెనక గోడకి.

"గంట కొట్టాను" అంది. "నాకు బాగా గుర్తు. గంట కొట్టకుండా నేనెప్పుడూ స్విచ్చు వెయ్యను. మీకు తెలుసు."

"కొట్టావు. విన్నాను."

"విన్నారా?"

"విన్నా. చెయ్యి తీద్దామనుకున్నా. అనుకోవడం పూర్తవలేదు. తిరిగింది."

ఆ మిల్లులో స్విచ్చు మార్చే పద్ధతి ఒకటుంది. గదిలో తాడు లాగితే షెడ్డులో గంట మోగుతుంది. షెడ్డులో వాళ్లు చేతులు తీసి, పక్కకి జరిగి, వాళ్ల తాడు లాగితే గదిలో గంట మోగుతుంది. అది విన్నాకే స్విచ్చు. జవాబు ఎప్పుడూ వస్తుంది. ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. వస్తూనే ఉంటుంది కనక, జవాబు కోసం ఆగడం తను ఎప్పుడు మానేసిందో పెద్దకోడలికి తెలియదు.

ఆ వేళ మాత్రం కళ్లకి కట్టింది. రేకుల మీద వాన దంచుతోంది. లారీ ఆసామి ఎదురు కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. బయట లారీ ఇంజను ఆపకుండా ఉంచాడు. "ఇంకెంతసేపమ్మా? చీకటిపడేలోపు నేను పోవాలి" అన్నాడు. "ఇదిగో, అయిపోయింది" అంది తను. ఎడమచెయ్యి తాడు మీద. కుడిచెయ్యి స్విచ్చు మీద. రెండు చేతులూ ఒకేసారి కదిలాయి. ఆసామి మెచ్చుకోలుగా తల ఊపాడు కూడా. వాన హోరులో ఏదో కేక వినపడింది. ఎవరో కూలీ అనుకుంది.

పొట్టు కుప్ప మీద కూలబడింది. పొట్టు మెత్తగా లోపలికి దిగింది.

"ఎందుకు చెప్పలేదు?"

"నాకు మెలకువ వచ్చేసరికే తమ్ముడు అందరికీ చెప్పేశాడు, నేనే వేశానని. నువ్వు నా మంచం పక్కన కూర్చుని వాణ్ణి తిడుతున్నావ్. తిట్టేకొద్దీ నీకు బలం వస్తోంది. లేచి తింటున్నావ్. మిల్లు చూస్తున్నావ్. నిజం చెప్తే నువ్వు మళ్లీ లేవవని వాడన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పోనీలే అనుకున్నా."

"ఇవాళ పొద్దున కూడా పోనీలే అనుకున్నారా? నేను అతన్ని జైలుకి పంపుతుంటే?"

భర్త చొక్కా మడతకి పెట్టిన పిన్నీసు తడుముకున్నాడు.

"అనుకున్నా."

"నా మీద ప్రేమతోనా?"

"ప్రేమ ఎంతో, భయం ఎంతో నాకు తెలీదు. నా చీలిక సంగతి కూడా బయటికొస్తుందిగా" అన్నాడు. "నాన్న గీత గీశాడని తెలిసింది. ఇంట్లో కూర్చోలేకపోయా."

పెద్దకోడలు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. కొత్తగా ఏమీ లేదు. అవే చేతులు. పొద్దున ఇవే చేతులు బల్ల మీద చరిచి ఒక మనిషిని వెళ్లగొట్టాయి. ఆ గీతే లేకపోతే ఈపాటికి ఆఫీసరు ఎదుట కూర్చుని చెప్పేసేది. చెప్పేసి తృప్తిగా తిరిగొచ్చి భోజనం కూడా చేసేది.

ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. తోడికోడలు. ఆ ఒంటితో పరిగెత్తకూడదని కూడా మరిచిపోయింది.

"అక్కా! ఆయన వెళ్లిపోయాడు!"

"ఎక్కడికి?"

"ఆఫీసరు బసకి. వదిన నోటితో ఆ మాట అనిపించడమెందుకు, తర్వాత ఎప్పుడైనా తెలిస్తే ఆ మాటే వదిన్ని తినేస్తుంది, నేనే వెళ్లి చెప్పేస్తా అన్నాడు. చెయ్యి పట్టుకున్నా, విదిలించుకుని పోయాడు. ఏంటక్కా ఇది? ఏం తెలియాలి నీకు?"

పెద్దకోడలు లేచింది. ఒంటికి అంటుకున్న పొట్టు కూడా దులుపుకోలేదు.

"ఆగు" అన్నాడు భర్త. ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "తొందరపడకు. ఒక్క పూట ఆలోచిద్దాం. నువ్వు చెప్తే కేసు నీ మీద పడుతుంది. మిల్లు నడిచేది నీ చేతుల మీద. నాకు చూస్తే ఇలా. నువ్వు కూడా లేకపోతే ఈ ఇల్లేం కావాలి? ఆగమని నాన్న కూడా అన్నాడుగా."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆవిడని భయపెట్టింది. ఆగడం ఎంత హాయిగా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఇవాళ ఆగొచ్చు. రేపు ఆగొచ్చు. మరిది ఎలాగూ ఒప్పుకుంటున్నాడు. ఆగినకొద్దీ అదే అలవాటైపోతుంది.

షెడ్డు గుమ్మంలో ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"మామయ్యా" అంది. "గీత గీశారు. పూట ఇంకా తిరగలేదు. ఇప్పుడు కూడా ఆగాలా?"

"గీత వేసినవాడు మాట్లాడకూడదు" అన్నాడు ముసలాయన. "రివాజు మాత్రం చెప్పొచ్చు. ఆగమన్నది కోతకమ్మా. చెయ్యి ఇరుక్కుంటే ఎవరూ ఆగరు."

భర్త వేళ్లు సడలాయి.

ఆఫీసరు బస ఊరి చివర రాళ్ల కట్టడం. పెద్దకోడలు సగం నడిచింది, సగం పరిగెత్తింది. దారిలో ఒక జీపు ఎదురుగా వచ్చి దుమ్ము రేపుకుంటూ మిల్లు వైపు పోయింది. పక్కకి తప్పుకుందే గానీ అందులో ఎవరున్నారో చూడలేదు.

లోపల బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి తిరగని ఫ్యాను. ఆఫీసరు బట్టతల మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. ఎదురుగా కుర్చీ అంచు మీద మరిది, ఏ క్షణాన లేవమన్నా లేచేట్టు కూర్చున్నాడు. వదినని చూసి నిజంగానే లేచాడు.

"నువ్వెందుకొచ్చావ్ వదినా? నేను చెప్పేశా. అయిపోయింది. ఇంటికి పో."

"ఎవరీవిడ?" అన్నాడు ఆఫీసరు.

"మా వదినండి. ఆవిడకేం తెలీదు. ఆవిడ ఆ రోజు మిల్లులోనే లేదు."

"కూర్చో" అంది పెద్దకోడలు మరిదితో. చిన్నప్పుడు అతనికి చెప్పినట్టే చెప్పింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఇతనికి ఇంకా మీసాలు రాలేదు. "ఎంగిలి చేత్తో పరిగెత్తావుట. ఆ ముద్ద అలాగే వదిలేశావా?"

మరిది మొహం పాలిపోయింది. కూర్చున్నాడు.

ఆఫీసరు ఆవిడకి నీళ్ల గ్లాసు జరిపాడు. ముట్టుకోలేదు. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. ఆవిడ అలవాటు ప్రకారం ఈపాటికి బయటికి దూకాలి. దూకలేదు. ఈ మాట అన్నాక ఏమేం పోతాయో ఒక్కొక్కటే ముందు నిలబెట్టి చూసుకుంది. మిల్లు. పేరు. తోడికోడలు తన వంక ఇకమీద చూడబోయే చూపు. పిన్నీసు పెట్టిన ఆ చొక్కా చెయ్యి. అన్నీ చూసింది. చూశాకే నోరు విప్పింది.

"పెద్ద స్విచ్చు ఉన్నది నా గదిలో సార్. వేసింది నేను. గంట కొట్టి, జవాబు కోసం ఆగకుండా వేశాను. ఇతనప్పుడు కుళాయి దగ్గర అన్నం తింటున్నాడు."

"అబద్ధం సార్!" అన్నాడు మరిది.

ఆఫీసరు ఆశ్చర్యపోలేదు. కళ్లద్దాలు కిందికి దించుకుని, ఆవిణ్ణి, మరిదిని, మళ్లీ ఆవిణ్ణి చూశాడు.

"చిత్రంగా ఉందమ్మా" అన్నాడు. "పొద్దున మీ మామగారు వచ్చి ఇదే చెప్పి వెళ్లారు. గంట, జవాబు, అన్నీ ఇవే మాటలు. కాకపోతే స్విచ్చు వేసింది తానేనన్నారు. చూపు ఆనడం లేదనీ, ఆ గదిలో ఆ వేళ తనే కూర్చున్నాననీ. నమ్మాను. నమ్మబట్టే ఇందాక ఆయన్ని తీసుకురమ్మని జీపు పంపాను."

దారిలో కళ్లల్లో పడ్డ దుమ్ము పెద్దకోడలికి ఇప్పుడు మండింది. తనని ఒక పూట ఆపి, ఆ పూటలోనే ముసలాయన తన కోత తాను కోసుకుని వచ్చేశాడన్నమాట.

"ఆయన ఆ గదిలో లేరు సార్. నేనున్నా. కావాలంటే లారీ ఆసామిని అడగండి. నా ఎదురుగానే కూర్చున్నాడు. నా రెండు చేతులూ చూశాడు."

"ఆయన్ని అడగాలా?" ఆఫీసరు లోపలి గది వైపు తిరిగాడు. "మీ మామగారు సాక్షిగా తెచ్చింది ఆయన్నే. ఇంకా వెళ్లలేదు. ఏమండీ, ఒకసారి ఇలా రండి."

తలుపు తెరుచుకుంది. ఆ వాన వేళ కాలు ఊపుకుంటూ తన ఎదుట కూర్చున్న మనిషే. గుమ్మంలో ఆగి పెద్దకోడలి మొహంలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో జాలి ఉంది.

"ఈవిడెవరో నాకు తెలీదండి" అన్నాడు. "ఆ రోజు ఆ గదిలో ఆడమనిషి లేదు."